తెగిన చోటు చూస్తే ఆట తెలుస్తుంది

రాకెట్ చేతికి రాగానే నేను ముందు చూసేది కంపెనీ పేరు కాదు, గట్ తెగిన చోటు. నట్టనడుమ నిలువు గట్టూ అడ్డం గట్టూ ఒకదాన్నొకటి ఒరుసుకుని, అరిగి అరిగి తెగిందంటే ఆ చేయి షటిల్‌ని కొట్టాల్సిన చోటే కొడుతోందన్నమాట. ఫ్రేమ్‌కి అంగుళం దూరంలో, తల భాగాన, అరుగుదల ఏమీ లేకుండా పుటుక్కున తెగిందంటే దెబ్బ తప్పిందన్నమాట. ఒకే పిల్లాడి రాకెట్ నెలనెలా నా దగ్గరికి వస్తుంటే ఆ తెగిన చోటు అంచు నుంచి మెల్లగా నడుమకు జరగడం కనిపిస్తుంది. స్కోరు బోర్డు చెప్పకముందే వాడి ఆట కుదురుకుంటోందని నాకు తెలుస్తుంది. ఈ పనిలో నాకు దొరికే పెద్ద సంతోషం అదే.

షటిల్ రాకెట్లకు గట్టింగ్ చేయడం, అంటే తీగలు అల్లి బిగించడం, నా వృత్తి. గచ్చిబౌలికీ కొండాపూర్‌కీ మధ్య, ఐటీ ఆఫీసుల అద్దాల మేడలు కనిపించే ఒక సందులో చిన్న షాపు. ఒక ఎలక్ట్రానిక్ మిషన్, గ్రాములో పదో వంతు దాకా చూపించే కాటా, రాకెట్ బరువు తల వైపు మొగ్గుతోందో పిడి వైపు మొగ్గుతోందో చూసే బద్ద, గోడ నిండా గట్ రీళ్లు. ఇటు పుల్లెల గోపీచంద్ అకాడమీ, అటు బాలయోగి స్టేడియం, చుట్టుపక్కల రేకుల షెడ్ల కింద బోలెడన్ని కోర్టులు. అందుకే నా బల్ల మీద రాష్ట్ర స్థాయిలో ఆడే పద్నాలుగేళ్ల అమ్మాయి రాకెట్, హైటెక్ సిటీలో పనిచేసే ఇంజనీరు రాకెట్ పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోసారి రెండూ ఒకే మోడల్. ఆ రెంటికీ ఒకే రకంగా గట్ వేస్తే ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేసినట్టే.

మాది గోదావరి జిల్లా. నా చిన్నప్పుడు మా ఊళ్లో షటిల్ కన్నా బాల్ బ్యాడ్మింటన్ జోరు ఎక్కువ. పసుపు ఉన్ని బంతి, చెక్క బ్యాట్లు. మా మేనమామ ఆ బ్యాట్లకు చేత్తోనే గట్ వేసేవాడు. గట్‌ని ఒక చెక్క ముక్కకు చుట్టి, ఒళ్లంతా బలం పెట్టి లాగి, అది జారిపోకుండా మొనదేలిన ఇనుప పుల్ల ఒకటి రంధ్రంలో గుచ్చేవాడు. అయ్యాక వేలితో మీటి చప్పుడు వినేవాడు. గట్ బిగువుకి, అంటే టెన్షన్‌కి, అప్పట్లో అదే కొలత. నేను హైదరాబాద్ వచ్చి మిషన్ మీద పని నేర్చుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. మిషన్ అంకె చూపిస్తుంది. ఆ అంకె నిజమో కాదో చెవి చెబుతుంది. ఇప్పుడు గట్ మీటిన శబ్దాన్ని విని పౌండ్లలో లెక్కగట్టే ఫోన్ యాప్‌లు కూడా వచ్చాయి. అవి చేసేదీ మామ చేసిన పనే, లెక్క మాత్రం ఇంకా కచ్చితం.

2009 ఆగస్టులో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ జరిగింది. మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదలు. చైనా ఆటగాడు లిన్ డాన్ అక్కడే టైటిల్ గెలిచాడు, మన సైనా నెహ్వాల్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. గ్యాలరీలో కూర్చుని అందరూ ఆట చూస్తుంటే నేను ఆటగాళ్ల సంచులు చూశాను. ఒక్కొక్కరి దగ్గర అచ్చుగుద్దినట్టు ఒకేలాంటి రాకెట్లు నాలుగైదు. ఆట మధ్యలో గట్ తెగితే ఇంకోటి లాక్కుని, సంకోచం లేకుండా తర్వాతి పాయింట్ ఆడేవారు. పాత రాకెట్‌కీ కొత్త రాకెట్‌కీ చేతికి తేడా తెలియకూడదు. అంటే ఎవరో ఒకరు కోర్టు బయట కూర్చుని, ఆ నాలుగింటినీ బరువులో, బ్యాలెన్స్‌లో, టెన్షన్‌లో ఒకటిగా చేసి ఇచ్చి ఉండాలి. ఆ మనిషి పని నేను చేయాలని నాకు ఆ రోజే గట్టిగా అనిపించింది.

రాకెట్ ఎంత మారిందో చెప్పాలంటే ముందు ఏది మారలేదో చెప్పాలి. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య నిబంధనల ప్రకారం రాకెట్ మొత్తం పొడవు 680 మిల్లీమీటర్లు, వెడల్పు 230 మిల్లీమీటర్లు దాటకూడదు. గట్ ఉండే భాగం పొడవు 280, వెడల్పు 220 మిల్లీమీటర్లు మించకూడదు. గట్ అల్లిక ఒకే తీరుగా ఉండాలి, నడుమ పలచబడకూడదు. ఆడుతూ ఆడుతూ ఆకారం మార్చుకునే ఏర్పాటేదీ రాకెట్‌కి ఉండకూడదు. అంతవరకే కట్టుబాటు. బరువుకి పరిమితి లేదు, దేనితో తయారు చేయాలన్న షరతు లేదు, టెన్షన్ ఇంతే ఉండాలన్న నియమం లేదు. సైంటిస్టులు ఆ మూడు తెరిచిన తలుపుల్లోంచి లోపలికి వచ్చారు.

చెక్క రాకెట్లు ఇప్పటి వాటికన్నా ఎంతో బరువు. వానాకాలంలో వంకర పోకుండా నాలుగు మూలలా మరలున్న చట్రంలో బిగించి పెట్టేవారు. తర్వాత ఉక్కు కాడలొచ్చాయి, అల్యూమినియం ఫ్రేములొచ్చాయి, ఆపైన కార్బన్ వచ్చింది. 2001లో గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని ఓడించి ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచేనాటికి పెద్ద పోటీల్లో కార్బన్ తప్ప మరోటి లేదు. ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం 80 నుంచి 84 గ్రాముల మధ్యవే, వాటిని 4యు అంటాం. 3యు అంటే 85 నుంచి 89, 5యు అంటే 75 నుంచి 79 గ్రాములు. తల ఆకారం కూడా మారింది. కోడిగుడ్డులా ఉండే ఫ్రేమ్‌ని 1992లో యోనెక్స్ కంపెనీ పైభాగాన కాస్త చదరంగా మలిచింది. దాంతో నిలువు గట్టూ అడ్డం గట్టూ పొడవులో దగ్గరపడి, దెబ్బ బాగా పలికే మేర పెరిగింది. గట్ మందం ఒకప్పుడు 0.70 మిల్లీమీటర్లు మామూలు. ఇప్పుడు 0.63, 0.61 దాకా సన్నబడింది. సన్నని గట్ షటిల్‌ని చురుగ్గా తిప్పికొడుతుంది, చప్పుడు బాగుంటుంది, తొందరగా తెగుతుంది.

ఈ తేలికైన వస్తువు మోసే భారం ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి. రాకెట్‌లో నిలువు గట్లు 22. ఒక్కో గట్‌ని 26 పౌండ్లతో లాగితే మొత్తం 572 పౌండ్లు, దాదాపు 260 కిలోలు. వంద గ్రాములు కూడా లేని ఫ్రేమ్ అంత లాగుడుని భరిస్తూ, ఆకారం చెడకుండా నిలబడాలి. నులక మంచానికి ఒక పక్కే బిగిస్తే కోడు పైకి లేచినట్టు, ఇక్కడ ఒక వైపు ముందు లాగేస్తే ఫ్రేమ్ మెలిక పడుతుంది. అందుకే నడుమ నుంచి మొదలుపెట్టి కుడికొకటి, ఎడమకొకటి వేసుకుంటూ పోవాలి. నిలువు గట్ల వల్ల తల కుదించుకుపోతుంది కాబట్టి అడ్డం గట్లు ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ బిగించి దాన్ని మళ్లీ సరైన ఆకారానికి తేవాలి. మిషన్ మీద ఆరు చోట్ల ఫ్రేమ్‌ని పట్టి ఉంచే బిగింపులు ఉండేది కూడా ఇందుకే. తొందరపడి చేసిన పని పదిరోజుల్లో వెంట్రుకంత చీలికై బయటపడుతుంది. ఇరవై వేల రాకెట్ అక్కడితో ఆఖరు.

మన అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్నాజియంలో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగం అందుకుంది. గిన్నిస్ దాన్ని పురుషుల్లో అత్యంత వేగమైన స్మాష్‌గా నమోదు చేసింది. అంతకు ముందు పదేళ్లపాటు మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరిట ఉన్న రికార్డు 493. ఆ జూలైలో ఈ వార్త బయటికి వచ్చాక మా షాపుకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ రాకెట్ అన్నా అది? ఎన్ని పౌండ్లు?" ఆ ఉత్సాహం నాకూ గర్వంగానే ఉండింది. గచ్చిబౌలి అకాడమీలో ఎదిగిన మన మనిషి అతను. కానీ ఆ అంకెను సరిగా అర్థం చేసుకోవాలి. అది షటిల్ గట్‌ని వదిలిన క్షణాన కొలిచిన వేగం. పదహారు ఈకలున్న షటిల్ గాలిని తోసుకుంటూ పోతుంది కాబట్టి కోర్టు దాటేలోపు ఆ వేగంలో చాలా భాగం కరిగిపోతుంది. పైగా అది పరీక్ష కోసం ఏర్పాటు చేసిన చోట కొట్టిన దెబ్బ. మ్యాచ్‌లో కాళ్లు పరుగెత్తి వచ్చి, షటిల్ వెనక్కి చేరి, గాలిలో లేచి కొట్టాలి. 493 నుంచి 565 దాకా పెరిగిన ఆ 72 కిలోమీటర్లలో కార్బన్ ఉంది, గట్ ఉంది, వాటి వెనక ఆరడుగుల మనిషి భుజమూ మణికట్టూ ఉన్నాయి. వాటాలు విడదీసి పంచలేం.

నేను నా పనిలో నేర్చుకున్న సంగతి ఇది. పాత పరికరం ఆటగాణ్ని ఆపేది. ఎంత బలంగా కొట్టినా బరువైన చెక్క, వంగే ఉక్కు కొంత మింగేసేవి. మంచి దెబ్బలోంచి కొంత పోయేది, చెడ్డ దెబ్బలోంచి కూడా కొంత పోయేది, అందుకే తప్పు అంతగా బయటపడేది కాదు. ఇప్పటి పరికరం దేన్నీ మింగదు. గట్టి కాడ, సన్నని గట్, ఎక్కువ టెన్షన్ కలిస్తే నడుమ తగిలిన దెబ్బకు ప్రతిఫలం ఎంతో, అంగుళం పక్కన తగిలిన దెబ్బకు శిక్ష కూడా అంతే. చేతిలో ఉన్న మంచినీ చెడ్డనీ అది సమానంగా పెద్దవి చేస్తుంది. అందుకే కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ దాన్ని ఆ చేతికి సరిపెట్టే పని ఇంకా ముఖ్యమవుతోంది.

సరిపెట్టడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. సాయంత్రం ఏడు దాటాక మా షాపుకి వచ్చేవాళ్లు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వాళ్లు. మెడలో ఐడీ కార్డు, భుజాన కిట్ బ్యాగు. అలా వచ్చిన ఒకాయన రాకెట్ నా బల్ల మీద పెట్టి, "అన్నా, థర్టీ పౌండ్స్ కొట్టెయ్" అన్నారు.

"ఎన్నేళ్ల నుంచి ఆడుతున్నారు సార్?"

"లాక్‌డౌన్ అయ్యాక మొదలుపెట్టా. వారంలో నాలుగు రోజులు ఆడతాం, నానక్‌రామ్‌గూడలో."

"మోచేయి నొప్పి ఏమైనా ఉందా?"

ఆయన చేయి దానంతట అదే మోచేతి మీదకు వెళ్లింది. "మీకెలా తెలుసు?"

"గట్ పైన అంచులో తెగింది సార్. ఇప్పుడున్న టెన్షనే మీ చేతికి ఎక్కువ. దీన్ని ముప్పై చేస్తే దెబ్బ షటిల్‌కి వెళ్లదు, మోచేతికి వెళ్తుంది."

"కానీ ప్రోస్ అందరూ ముప్పై మీదే ఆడతారు కదా. పవర్ వస్తుందని యూట్యూబ్‌లో చెప్తున్నారు."

ఎక్కువమందికి ఉండే నమ్మకమే అది, నిజం మాత్రం దానికి తలకిందులు. టెన్షన్ పెరిగితే పవర్ పెరగదు. గట్ కాస్త వదులుగా ఉంటే షటిల్ తగిలినప్పుడు లోపలికి వంగి, తిరిగి విసురుతుంది. పవర్ ఇచ్చేది ఆ వంగడమే. బిగుతు పెరిగే కొద్దీ గట్ వంగదు, షటిల్ ఇంకా తొందరగా వెళ్లిపోతుంది, బలమంతా మనిషే తెచ్చుకోవాలి. బదులుగా దొరికేది గురి. నడుమ తప్ప కొట్టని చేతికి, కావలసినంత బలం తానే పుట్టించగల భుజానికి ఆ గురి కావాలి. అందుకే పెద్ద ఆటగాళ్లు 28 నుంచి 32 దాకా వేయించుకుంటారు. ఇదంతా చెప్పి, ఆయనకి 24 పౌండ్లు వేశాను, గట్ కూడా కొంచెం మందంగా ఉన్నది. "రెండు వారాలు ఆడి చూడండి సార్. నచ్చకపోతే మీరు చెప్పినట్టే చేస్తా" అన్నాను. ఆయన మళ్లీ వచ్చినప్పుడు నొప్పి తగ్గిందనీ, బ్యాక్ కోర్టు నుంచి క్లియర్ షాట్ వెనక గీత దాకా వెళ్తోందనీ చెప్పారు. అప్పటి నుంచి 24 దాటలేదు.

ఆయనే నాకు ఒక మేలు చేశారు. నేను నోటు పుస్తకంలో రాసుకునే వివరాలు చూసి, వాటన్నిటినీ కంప్యూటర్‌లో పట్టికగా పెట్టి ఇచ్చారు. ఎవరి రాకెట్, ఏ గట్, ఎన్ని పౌండ్లు, ఎన్ని రోజులు వచ్చింది, ఎక్కడ తెగింది. ఐటీ ఊళ్లో గట్టింగ్ షాపు పెట్టుకున్నందుకు నాకు దక్కిన లాభం అది. ఇప్పుడు ఒక పిల్ల రాకెట్ వస్తే, గత ఆరు నెలల్లో ఆమె గట్ ఎప్పుడు ఎలా తెగిందో ఒక నిమిషంలో ముందుంటుంది. పోటీల నెలల్లో ఎలా తెగుతోంది, గాయం తర్వాత ఎలా తెగుతోంది, టెన్షన్ పెంచాక తెగిన చోటు మారిందా లేదా అన్నీ కనిపిస్తాయి. కోచ్‌లు కొందరు అడిగి తెలుసుకుంటారు. ఒక పౌండు పెంచుదామా వద్దా అన్న నిర్ణయం అంచనాతో కాకుండా ఆధారంతో జరుగుతుంది.

పోటీ ఆట ఆడే పిల్లల సంగతి ఇంకా బరువైనది. పొద్దున్నే చీకట్లో ప్రాక్టీసు, తర్వాత బడి, మళ్లీ సాయంత్రం ప్రాక్టీసు. ఖమ్మం నుంచో గుంటూరు నుంచో వచ్చి ఇక్కడ ఒక గది అద్దెకు తీసుకుని పిల్లతో ఉండిపోయిన తల్లులు నాకు చాలామంది తెలుసు. తండ్రి ఊళ్లోనే ఉండి డబ్బు పంపుతాడు. అలాంటి ఒకామె కూతురితో వచ్చి, "బాబూ, ఆ సన్న గట్ వద్దు. ఎక్కువ రోజులు వచ్చేది వేయి" అంది. పిల్ల వెంటనే, "అమ్మా, దాంతో నెట్ దగ్గర షటిల్ నా మాట వినట్లేదు" అంది. ఇద్దరిదీ నిజమే. వారానికి రెండు మూడు సార్లు గట్ తెంపే ఆటకు ప్రతిసారీ ఖరీదైన గట్ వేయించడం ఏ మధ్యతరగతి ఇంటికైనా కష్టం. మందమైన గట్‌తో ప్రాక్టీసు చేసి, మ్యాచ్ రోజున హఠాత్తుగా సన్న గట్ పట్టుకుంటే చేతి లెక్క తప్పుతుంది.

దానికి నేను చేసే ఉపాయం ఉంది. రెండు రాకెట్లు ప్రాక్టీసుకి, రెండు మ్యాచ్‌కి అని విడదీస్తాను. ప్రాక్టీసు రాకెట్లకి 0.70 గట్, ఒక పౌండు తక్కువ. మ్యాచ్ రాకెట్లకి సన్న గట్. పోటీకి వారం ముందు నుంచి ప్రాక్టీసులో కూడా మ్యాచ్ రాకెట్లే పట్టుకోవాలి. కొందరికి నిలువు ఒక రకం, అడ్డం ఒక రకం వేస్తాను. మందం నిలువుకి, సన్నం అడ్డానికి. మన్నికా ఉంటుంది, షటిల్ మీద పట్టూ ఉంటుంది. ఆ తర్వాత కాటా మీద పెడతాను. ఒకే మోడల్, ఒకే పెట్టెలోంచి వచ్చిన రాకెట్లు కూడా రెండు మూడు గ్రాములు తేడా ఉంటాయి. తేలికగా ఉన్నదానికి గ్రిప్ కింద సన్నటి సీసం పట్టీ అంటించి, బ్యాలెన్స్ బద్ద మీద మళ్లీ చూసి నాలుగింటినీ ఒకటి చేస్తాను. 2009లో గ్యాలరీలోంచి చూసింది ఇదే. ఇప్పుడు పదమూడేళ్ల పిల్ల కిట్ బ్యాగులో కూడా ఇది సాధ్యమైంది.

గట్ ఒక్కటే కాదు, ఊరి గాలి కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంటుంది. ఎత్తు పెరిగితే గాలి పలచబడుతుంది, ఎండ ముదిరితే ఇంకా పలచబడుతుంది, పలచని గాలిలో షటిల్ దూరం పోతుంది. అందుకే మే నెలలో నెమ్మది షటిల్ వాడతాం, డిసెంబరులో వేగం ఎక్కువ ఉన్నది తీసుకుంటాం. డబ్బా మీద 75, 76, 77 అని ఉండే అంకెలు ఆ వేగాన్ని చెప్పేవే. షటిల్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలని నిబంధన. అంటే ఒక గ్రాము తేడా కూడా లేదు, అందులోనే ఇన్ని రకాల వేగాలు. గట్‌కీ ఎండ పడదు. కారు డిక్కీలో రాకెట్ పెట్టి రోజంతా ఆఫీసులో కూర్చుంటే సాయంత్రానికి గట్ నీరసపడుతుంది. అసలు ఏ గట్ అయినా వేసిన రోజే కొంత టెన్షన్ కోల్పోతుంది. అందుకే పోటీకి వెళ్లే పిల్లలకు బయలుదేరడానికి ఒకటి రెండు రోజుల ముందు గట్ వేయించుకోమంటాను, అదే రోజు వద్దంటాను.

రాకెట్ బయట కూడా ఆట మారిపోయింది. పాత తరం సిమెంటు నేల మీద ఆడి మోకాళ్లు అరగదీసుకుంది. ఇప్పుడు కింద చెక్క, దాని మీద సింథటిక్ మ్యాట్, కాళ్లకు దెబ్బని మింగే బూట్లు. 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మన పి.వి. సింధు, జపాన్ అమ్మాయి ఒకుహారా 110 నిమిషాలు ఆడారు. మూడు గేములూ చివరి పాయింట్ల దాకా వెళ్లాయి. రెండేళ్ల తర్వాత బాసెల్‌లో అదే ఒకుహారాను సింధు 21–7, 21–7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ రెండేళ్లలో ఆమె ఒళ్లు, ఆలోచన, దాడి అన్నీ పదునెక్కాయి. ఏ పరికరమూ అంత మార్పు తేలేదు. పరికరం చేసిందల్లా ఆ పదునుని ఒక్క పిసరు కూడా పోనివ్వకుండా షటిల్‌కి చేర్చడం. గీత మీద పడిందా బయట పడిందా అన్న వాదన కూడా ఇప్పుడు కెమెరాలకు వెళ్తుంది. ఆటగాడు సవాలు చేస్తే తెర మీద జవాబు వస్తుంది. గీతకు వెంట్రుకవాసిలో కొట్టే గురి ఉన్నవాడికి అది గొప్ప న్యాయం.

అదే 2019 ఆగస్టులో అదే బాసెల్‌లో, గచ్చిబౌలి అకాడమీలో సాధన చేసిన మానసి జోషి పారా బ్యాడ్మింటన్‌లో ప్రపంచ స్వర్ణం గెలిచింది. 2011లో ముంబైలో రోడ్డు ప్రమాదంలో ఎడమ కాలు పోగొట్టుకున్న మనిషి ఆమె. కృత్రిమ కాలు పెట్టుకుని ఆడేవాళ్లను చూసినప్పుడల్లా నా పని నాకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ కాలులో ఎంత గొప్ప కార్బన్ ఉన్నా, మిగిలిన కాలు ఇమిడే గిన్నె ఆ ఒంటికి కొలత పెట్టి చేసినట్టు కుదరాలి. కుదరకపోతే చర్మం కోసుకుపోతుంది, అడుగు తడబడుతుంది. ప్రయోగశాలలో పుట్టిన వస్తువు, దాన్ని ఒంటికి సరిపెట్టే చేయి, ఈ రెండూ కలిసినప్పుడే అది ఆటలోకి వస్తుంది.

పరికరం మనిషిని మించిపోతే ఏమవుతుందో ప్రపంచం చూసింది. 2009లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఈత పోటీల్లో నీటిని అంటనివ్వని పాలియురేథేన్ సూట్లు వేసుకుని ఒక్క పోటీలోనే 43 ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టారు. మరుసటి జనవరి నుంచి ఆ సూట్లను నిషేధించారు. పరుగు బూట్లలో కార్బన్ పలక పెట్టి అడుగు మందం పెంచుకుంటూ పోతే, 2020లో రోడ్డు పరుగుకి 40 మిల్లీమీటర్లు దాటకూడదని, ఒక్క పలక మాత్రమే ఉండాలని హద్దు గీశారు. ఇలాంటి హద్దులు అవసరం. బ్యాడ్మింటన్ ఆ విషయంలో అదృష్టవంతురాలు. రాకెట్ ఎంత తేలికైనా నెట్ ఎత్తు మారదు, కోర్టు 13.40 మీటర్లే, ఈకలు వేగాన్ని తినేస్తూనే ఉంటాయి. అవతలి మనిషిని తప్పించే ఆలోచన లేకపోతే 565 కిలోమీటర్లు కూడా ఎదుటివాడి రాకెట్‌లోకే వెళ్తాయి.

మన ఆటకు ఉన్న అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. పరికరం ఇంత సున్నితమయ్యాక, దాన్ని సరిచేసే మనిషి దగ్గరలో ఉన్న పిల్లకూ లేని పిల్లకూ మధ్య దూరం పెరిగిపోతోంది. ఇక్కడ గచ్చిబౌలిలో నడిచి వెళ్లేంత దూరంలో మంచి మిషన్లు ఉన్నాయి. జిల్లాల నుంచి వచ్చే పిల్లల రాకెట్లు నేను చూస్తుంటాను. 26 అని చెప్పి వేయించుకున్నది కొలిచి చూస్తే 21 కూడా ఉండదు. రంధ్రాల్లోని ప్లాస్టిక్ గొట్టాలు చిట్లి ఉంటాయి, గట్ నేరుగా కార్బన్‌ని కోస్తూ ఉంటుంది. కాడ మీద కంపెనీ అచ్చు వేసిన గరిష్ఠ టెన్షన్ ఎంతో ఆ రాకెట్‌కి గట్ వేసినవాళ్లు చూసి ఉండరు. ఆ పిల్ల తన డ్రాప్ షాట్ సరిగా పడటం లేదని ఏడాదిగా తనను తాను తిట్టుకుంటూ ఉంటుంది. లోపం ఆమె చేతిలో లేదని ఆమెకు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. నాకు కడుపు తరుక్కుపోయేది అక్కడే.

ఇది తీర్చలేని కష్టమేమీ కాదు. నాలుగైదు ఖరీదైన రాకెట్ల ధరకు ఒక మంచి ఎలక్ట్రానిక్ మిషన్ వస్తుంది. ఆసక్తి ఉన్న కుర్రాడో అమ్మాయో ఎవరైనా శ్రద్ధగా కూర్చుంటే కొన్ని నెలల్లో పని వస్తుంది. నేను ఇప్పటికే జిల్లాల నుంచి వచ్చిన కొందరికి నేర్పుతున్నాను. గట్ వేయడంతో పాటు తెగిన చోటు చదవడం, ఆడే మనిషిని నాలుగు ప్రశ్నలు అడగడం, ముప్పై కొట్టమన్నవాళ్లకు ఎందుకు వద్దో ఓపిగ్గా చెప్పడం కూడా నేర్పుతాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ లాభాల్లో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ పనుల జాబితాలో గ్రామీణ క్రీడలు, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల శిక్షణ కూడా ఉన్నాయి. ఈ ఐటీ కారిడార్‌లో అలాంటి కంపెనీలు ఎన్నో ఉన్నాయి, వాటిలో పనిచేసే వేలాదిమంది రోజూ షటిల్ ఆడతారు. మిషన్ విలువ ఏమిటో వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి జిల్లా స్టేడియంలో ఒక మిషన్, దాని ముందు పని తెలిసిన ఒక మనిషి ఉండాలి. సాత్విక్ అమలాపురం నుంచి వచ్చాడు, కిడాంబి శ్రీకాంత్ గుంటూరు నుంచి వచ్చాడు. ప్రతిభ మన చిన్న ఊళ్లలో ఉందని రుజువు కోసం ఇంకా వెతకక్కర్లేదు. కార్బన్‌నీ గట్‌నీ జపాన్ వాళ్లు, చైనా వాళ్లు తయారుచేసి పంపుతారు. వాటిని మన పిల్లల చేతికి సరిపెట్టి ఇచ్చే మనుషులను మాత్రం మనమే తయారుచేసుకోవాలి. ఏ స్టేడియం తలుపు తీసినా సరే, నేర్పడానికి నేను వస్తాను.